వాదన కోసం ఒప్పుకుందాం

రాజ్యాంగ చట్టం పేపరు రెండుసార్లు తప్పినవాణ్ణి నేను. అయినా ఇంట్లో అందరూ నన్ను "జడ్జిగారూ" అనే పిలుస్తారు. అది వెటకారమని తెలియక మొదట్లో మురిసిపోయాను. తెలిశాక కూడా మానలేదు, అలవాటైపోయింది.

నేను లా చదివే యూనివర్సిటీలోనే మా చెల్లి కెమిస్ట్రీ చదువుతోంది. గదిలో కరెంటు పొయ్యి వెలిగించి హాస్టలంతా చీకటి చేసిందని వార్డెన్ తనను గది ఖాళీ చేయమంది. బయట అద్దెకుండే స్తోమత మాకు లేదు. హాస్టలు పోతే చెల్లి చదువూ పోయినట్టే.

"సాయంత్రం మళ్ళీ రమ్మంది అన్నయ్యా. నువ్వు పక్కన కూర్చో చాలు, నాకు ధైర్యంగా ఉంటుంది" అంది ఫోన్లో ఏడుస్తూ.

పక్కన కూర్చోవడమా! రాజ్యాంగం చదివినవాడు ఊరికే కూర్చుంటాడా? "నువ్వేం మాట్లాడకు, అంతా నేను చూసుకుంటా" అన్నాను. మధ్యాహ్నమంతా అద్దం ముందు నిలబడి వాదించాను. అద్దం మీద గెలిచాను కూడా.

వార్డెన్ టేబుల్ నిండా తాళాల గుత్తులు. ఆ పక్కనే, ఎవరి గదిలోంచి ఏది పట్టుకున్నదీ చీటీ అంటించిన ఇస్త్రీ పెట్టెలూ, వేడినీళ్ల కెటిల్సూ. చెల్లి గదిలో దొరికిన పొయ్యి అన్నిటికంటే ముందుంది.

"చెప్పమ్మా, ఏం జరిగింది?" అని ఆవిడ చెల్లిని అడిగింది.

చెల్లి నోరు తెరిచేలోగా నేను లేచాను. "మేడమ్, చెప్పుకునేది వినకుండా ఎవరినీ శిక్షించకూడదు. అది ప్రాథమిక హక్కు!"

"అందుకే కదా బాబూ అడుగుతున్నాను."

బుద్ధున్నవాడు అక్కడితో కూర్చుంటాడు. నేను గొంతు సవరించుకుని, రాజుల కాలం నుంచి మొదలుపెట్టాను. చెల్లి రెండుసార్లు నా చొక్కా పట్టుకుని లాగింది. మెచ్చుకుంటోందనుకుని ఇంకాస్త రెచ్చిపోయాను.

"సరే, వాదన కోసం, ఆ పొయ్యి మా చెల్లే వెలిగించిందని ఒప్పుకుందాం. అయినా ఇంత చిన్న తప్పుకి అంత పెద్ద శిక్షా?"

మా క్లాసులో ఈ మాటకి అందరూ తలలూపుతారు. వార్డెన్ కూడా ఊపింది.

"ఒప్పుకున్నారుగా, ఇంక వినేదేముంది? రేపటికల్లా ఖాళీ చేసెయ్యమ్మా."

"అయ్యో, అది కాదు మేడమ్! మా చట్టంలో ఒప్పుకోవడమంటే నిజంగా ఒప్పుకోవడం కాదు..." అంటున్నకొద్దీ నా మాట నాకే దొంగమాటలా వినిపించింది. ఉన్న కొంపకు నేనే నిప్పు పెట్టానని అర్థమైంది.

అప్పుడు చెల్లి లేచింది. "ఆ పొయ్యి నాది కాదు మేడమ్. ఆ గదిలో నేనొక్కదాన్నే ఉండను. కరెంటు పోయినప్పుడు నేనసలు గదిలోనే లేను, ల్యాబ్‌లో ఉన్నాను. కావాలంటే మా సార్‌ని అడగండి."

వార్డెన్ అక్కడికక్కడే ల్యాబ్‌కి ఫోన్ చేసింది. అవతలివాళ్ళు చెప్పిందంతా విని, ఫోన్ పెట్టేసి, చెల్లి వైపు తిరిగింది.

"గది నీదేలేమ్మా, వెళ్ళు. మరి ఇంత మాట ఉండగా మీ అన్నయ్య అలా ఒప్పేసుకున్నాడేంటి?"

చెల్లి నా వైపు చూడలేదు. "నాకోసం పరిగెత్తుకొచ్చాడు మేడమ్. ఏం జరిగిందని నన్ను అడగడం ఒక్కటే మర్చిపోయాడు."

నాకు తల కొట్టేసినట్టయింది. తనను కాపాడతానని వచ్చిన నన్ను, చెల్లే వెనకేసుకొచ్చింది.