ఎదురు ల్యాబ్ కిటికీ

మా ల్యాబ్‌లో పళ్ళు తయారవుతాయి. డాక్టర్లు రోగుల నోటి అచ్చులు తీసి పంపిస్తే, వాటిలో ప్లాస్టర్ పోసి చిగుళ్ళ ఆకారం తీయడం నా పని. ఆ ఆకారం మీద కట్టే పళ్ళకు పింగాణీ పొడి తడిపి, సన్నని కుంచెతో రంగు వేయడం మా వదిన పని. పన్ను అంటే తెల్లగా ఉంటుందని అందరూ అనుకుంటారు గానీ ఏ ఇద్దరి తెలుపూ ఒకటి కాదు. ఒకరిది పాల తెలుపైతే ఒకరిది ఎండుగడ్డి తెలుపు.

మేం పనిచేసే గదికి కిటికీ లేదు. ట్యూబులైటు కింద తెలుపులన్నీ కొంచెం నీలంగానే కనిపిస్తాయి. అందుకని వదిన పళ్ళను ట్రేలో పెట్టుకుని వీధిలోకి వెళ్ళి, ఎండలో అటూ ఇటూ తిప్పి చూసుకుని, మళ్ళీ లోపలికొచ్చి కుంచె పట్టుకునేది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు మొదట్లో వింతగా చూసేవారు. ఒకావిడ దగ్గరికొచ్చి, "జత ఎంతమ్మా?" అని అడిగింది కూడా.

అలా వెలుగులోంచి చీకట్లోకి, చీకట్లోంచి వెలుగులోకి తిరిగి తిరిగి వదిన కళ్ళు పాడయ్యాయి. సాయంత్రానికి కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారేవి. పగటి వెలుగున్న చోట కూర్చోకపోతే రంగుల పని మానుకోవాల్సి వస్తుందని కళ్ళ డాక్టరు గట్టిగానే చెప్పాడు. వదినకు చేతనైన పని అదొక్కటే. గోడ కొట్టించి కిటికీ పెట్టించండని మా ఓనరును అడిగితే, గోడ అవతల పక్కవాళ్ళ మెట్లున్నాయమ్మా అన్నాడు. అది నిజమే.

వీధికి అటువైపు ఇంకో ల్యాబ్ ఉంది. దాన్ని నడిపేది ఒక మేడమ్. అక్కడ గోడంత కిటికీ. "వచ్చెయ్యి, ఆ కిటికీ పక్క బల్ల నీదే," అని ఆవిడ వదినతో ఎప్పటినుంచో అంటోంది. కానీ మా ల్యాబ్‌లో చేరిన రోజునే వదిన చేత ఒక షరతు ఒప్పించుకున్నారు. ఇక్కడ మానేస్తే ఏడాదిపాటు ఈ ఊళ్ళో మరో ల్యాబ్‌లో చేరకూడదు. ఎదురు ల్యాబ్‌లోనూ అదే షరతు. అక్కడ రంగులేసే గడ్డం మాస్టారికి ఆ కిటికీ అంటేనే పడదు. "ఎండ మొహం మీద కొడుతుంటే పని చేస్తానా, వడియాల్లా ఎండుతానా?" అని టీ కొట్టు దగ్గర విసుక్కునేవాడు.

ఇలా ఉండగా కేంద్ర కార్మిక శాఖ ఒక కొత్త నిబంధన తెచ్చింది. ఇలాంటి షరతులేవీ ఇక చెల్లవని, పనివాళ్ళు ఎక్కడికైనా వెళ్ళొచ్చని టీవీలో చెప్పారు. మర్నాడే వదిన రాజీనామా ఇచ్చేసింది. గడ్డం మాస్టారు అక్కడ మానేసి మా గదిలో ట్యూబులైటు కిందికి వచ్చి కూర్చుని, "ఆహా, ఏం చల్లగా ఉందమ్మాయ్!" అన్నాడు.

వదిన వచ్చే సోమవారం నుంచి కిటికీ పక్కన కూర్చోవాలి. ఆదివారం నాడు ఓనరు నుంచి ఫోను వచ్చింది.

"అమ్మా, నువ్వు ఎదురు ల్యాబ్‌కి వెళ్ళడానికి లేదు. మా యజమానుల సంఘం కోర్టుకెళ్ళింది. నిబంధన మీద స్టే వచ్చింది."

"మరి గడ్డం మాస్టారు మీ దగ్గర ఎలా ఉన్నారు సార్?"



"స్టే అడిగినవాళ్ళకే వర్తిస్తుందటమ్మా. నేను సంఘంలో ఉన్నాను కాబట్టి నా షరతు బతికింది. ఎదురు మేడమ్ సంఘంలో లేదు కాబట్టి ఆవిడ షరతు చచ్చింది. అందుకని ఆయన రావచ్చు, నువ్వు వెళ్ళకూడదు. ప్లీడరు గారు అలాగే చెప్పారు. నాకూ తల తిరుగుతోందనుకో."

మా అన్నయ్య మొత్తం విని, "అంటే ఒకే వీధిలో అటువైపు ఒక చట్టం, ఇటువైపు ఒక చట్టమా? మధ్యలో రోడ్డు మీద నిలబడితే ఏది?" అన్నాడు. ఆయన వెటకారానికే అన్నాడు గానీ నేను నిజంగానే ఆలోచనలో పడ్డాను.

వదిన ఇంట్లో కూర్చుంది. ల్యాబ్‌లో ఓనరు హుషారుగా తిరిగాడు. అంతలో పై కోర్టు ఇంకో మాట చెప్పింది. ఆ స్టే కొందరికే కాదు, తుది తీర్పు వచ్చేదాకా అందరికీ వర్తిస్తుందట. దాంతో ఎదురు మేడమ్ షరతు కూడా లేచి కూర్చుంది. తన దగ్గర మానేసినవాడు ఎదురుగా కనిపిస్తుంటే ఆవిడకు మండుతూనే ఉంది. మా దగ్గర పనిచేయడానికి వీల్లేదని వెంటనే ఆయనకు కబురు పెట్టింది. గడ్డం మాస్టారు కుంచె కడిగి, జేబులో పెట్టుకుని, "నేను పాత చోటికి పోవాలా, ఇంటికి పోవాలా?" అని నన్నడిగాడు. ప్లాస్టర్ చేతులతో నిలబడి నేనేం చెప్పను? ఆయన ఇంటికే వెళ్ళాడు.

ఇప్పుడు రెండు ల్యాబ్‌లలోనూ రంగులేసేవాళ్ళు లేరు.

ఈ గందరగోళంలో ఇరుక్కున్నది ఒక రిటైరైన బస్సు కండక్టరు. ఆయన పై పళ్ళకు వదిన రంగు వేసింది. కింది పళ్ళకు గడ్డం మాస్టారు సగం వేసి వెళ్ళాడు. రెండూ పక్కన పెడితే పైవి ఎండుగడ్డి, కిందివి పాలు. కండక్టరు ల్యాబ్‌కే వచ్చి, బోసినోటికి రుమాలు అడ్డం పెట్టుకుని ఓనరును కడిగేశాడు.

"ఏమయ్యా, పైన ఒక ఊరూ కింద ఒక ఊరా? నేను పళ్ళు కట్టించుకోవాలనుకున్నాను గానీ కోర్టు కట్టించుకోవాలనుకోలేదు!"

ఆ సాయంత్రమే ఓనరు మా ఇంటికి వచ్చాడు, వెనకాలే కండక్టరు కూడా. కుర్చీ ఒక్కటే ఉంటే కండక్టరు కూర్చున్నాడు.

"తిరిగి వచ్చెయ్యమ్మా. షరతు వేరే చోటికి వెళ్ళొద్దంది గానీ నా దగ్గరికి రావొద్దనలేదు," అన్నాడు ఓనరు.

"రాలేను సార్. కళ్ళు పోతే మీరిస్తారా?" అంది వదిన. ఆమె గొంతు పెరగలేదు. "నన్ను వదిలెయ్యండి. ఆ షరతు పెట్టింది మీరే కదా."

"నేనెలా వదులుతానమ్మా? అది ఉండాలని కోర్టుకెక్కినవాణ్ణి. సంఘంలో ఏమనుకుంటారు? అసలు స్టే ఉండగా వదలొచ్చో లేదో!"

అన్నయ్య ఆయన ఫోనే తీసుకుని ప్లీడరుకు కలిపి, అందరికీ వినబడేలా పెట్టాడు.

"షరతు పట్టుకోవచ్చు అంది కోర్టు. పట్టుకోమనలేదు," అన్నాడు ప్లీడరు.

"మరి నన్నేం చెయ్యమంటుంది సార్?"

"మిమ్మల్ని ఏమీ చెయ్యమనదు."

"ఏమీ చెయ్యమనని దానికి ఇన్నాళ్ళు ఎందుకు తిరిగాం?" అన్నాడు ఓనరు. ప్లీడరు రేపు మాట్లాడదామని పెట్టేశాడు.

వదిన లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. కండక్టరు తాగి, గ్లాసు కింద పెట్టి, "అది కాదయ్యా. ఈ అమ్మాయికి వెలుగు కావాలి. ఆ గడ్డపాయనకు నీడ కావాలి. నువ్వు ఈమెను వదులు, ఆ మేడమ్ ఆయన్ని వదులుతుంది. సీట్లు మార్చుకోవడానికి సుప్రీం కోర్టు దాకా వెళ్ళాలా? నేను బస్సులో రోజూ మార్పించేవాణ్ణి," అన్నాడు.

అప్పుడు నేను వదిన చేతులు చూశాను. గ్లాసులు తెచ్చిన ట్రేని ఇంకా రెండు చేతులతో పట్టుకునే ఉంది, అందులో ఏమీ లేకపోయినా.

మర్నాడు పొద్దున ఓనరూ మేడమ్ వీధి మధ్యలో మాట్లాడుకున్నారు. మొదట దెప్పుకున్నారు. "మావాణ్ణి ముందు ఎగరేసుకుపోయింది ఎవరు?" అని ఆవిడ, "మా అమ్మాయికి కిటికీ చూపించి ఊరించింది ఎవరు?" అని ఈయన. బస్సు వచ్చి హారను కొడితే పక్కకు జరిగారు. జరిగాక గొంతులు తగ్గాయి. చివరికి ఒప్పుకున్నారు గానీ, ఆ ఒప్పుకోవడం కూడా ఎవరికీ సరిగ్గా అర్థమయ్యేలా లేదు. సంఘంలో మాట రాకుండా ఉండాలి కాబట్టి ఓనరు వదిన రాజీనామాను ఆమోదించనట్టే ఉంచుతాడు. అంటే వదిన మా ల్యాబ్ మనిషే, కూర్చోవడం మాత్రం ఎదురు ల్యాబ్‌లో. గడ్డం మాస్టారు వాళ్ళ మనిషే, కూర్చోవడం మా దగ్గర. ఇదంతా తుది తీర్పు వచ్చేదాకా.

"తీర్పు వచ్చాక?" అంది వదిన.

"వచ్చాక చూద్దాం," అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. వాళ్ళు ఏకమైంది ఆ ఒక్క మాట దగ్గరే.

వదిన కిటికీ పక్కన కూర్చుని మొదట చేసింది కండక్టరు కింది పళ్ళ రంగే. మధ్యాహ్నం నేను కొత్త అచ్చు చూపించడానికి అటు వెళితే, ఆమె వీధిలోకి రాకుండా, లేవకుండా, పన్నును వేళ్ళ మధ్య పట్టుకుని వెలుగులో తిప్పుతోంది. కళ్ళు ఎర్రగా లేవు. నన్ను చూసి నవ్వింది గానీ, కుర్చీలో వెనక్కి వాలి మాత్రం కూర్చోలేదు. తనది కాని కుర్చీలో కూర్చున్నట్టే ఉంది.

సాయంత్రం కండక్టరు అక్కడికే వచ్చి పళ్ళు పెట్టుకుని అద్దంలో చూసుకున్నాడు. పైనా కిందా ఒకే ఊరు. సంతోషంగా గుమ్మం దాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"ఇవి వదులైతే ఎక్కడికి రావాలమ్మా?"

"నేనెక్కడుంటే అక్కడికి రండి," అంది వదిన.

ఆయన వీధికి అటున్న మా గుమ్మాన్నీ, ఇటున్న ఈ గుమ్మాన్నీ మార్చి మార్చి చూశాడు.

"అదేనమ్మా నేనడిగేది," అన్నాడు.