లైసాని పిన్ని బరువు

లైసాని పిన్ని శవపేటికతో కొండ సగం ఎక్కాక పికప్ దగ్గింది. ఒకసారి, రెండుసార్లు, ఆ తర్వాత వరసగా. అపిసాయి గేరు తగ్గించి ఎంత తొక్కినా బండి గుంజుకుంటూ, గింజుకుంటూ ఆగిపోయింది. వెనక చాపలు కప్పిన పేటిక చుట్టూ కూర్చున్న ఎనిమిది మందీ పాట ఆపేశారు.

అపిసాయికి తన మాటే గుర్తొచ్చింది. అచ్చం ఇలాగే చెప్పాడు తను. మంగళవారం పొద్దున పిన్ని గుండె పట్టుకుని వచ్చి "ఆస్పత్రికి తీసుకుపోరా నాయనా" అంటే, "బండి మిస్ కొడుతోంది పిన్నీ, మనుషులెక్కితే కొండ లాగదు. రేపు చూద్దాంలే" అన్నాడు. పచ్చి అబద్ధం. ఆమె అటు వెళ్లగానే అదే బండిలో ఒక్కడే లంబాసా పట్నానికి రగ్బీ ఆట చూడ్డానికి చెక్కేశాడు. తల్లి పోయిన తనని పెంచిన మనిషికి చెప్పిన మాట అది. మర్నాటికి పిన్ని లేదు.

"ఊరందరి బళ్లూ బాగుచేస్తావు, ఇవాళకైనా నీ బండి చూసుకోవద్దట్రా?" అన్నాడు పెద్దాయన సెవనాయ.

"చూస్తున్నా తాతా."

పేటికని దించి గడ్డి మీద పెట్టారు. ఖాళీ బండి తాళం తిప్పగానే హాయిగా పాడింది. మళ్లీ పేటిక ఎక్కించి, మనుషులెక్కితే పది గజాలకే దగ్గు. మళ్లీ దించారు.

సెవనాయ టోపీ తీశాడు. "ఇది బండి జబ్బు కాదు. లైసాని కదలనంటోంది. ఆమె మనసు నొప్పించినవాళ్లెవరో ఇక్కడే ఉన్నారు. నోరు విప్పండి, పోనిద్దాం."

ఆ ఊళ్లో శవం మొరాయిస్తే అడిగే మాటే అది. అపిసాయి బానెట్ ఎత్తి అందులో తల దాచుకున్నాడు. ప్లగ్గులు చూశాడు, బాగున్నాయి. వైర్లు బాగున్నాయి. పెట్రోలు ఫిల్టరు శుభ్రంగా ఉంది. ఏదో ఒకటి పాడై ఉండు తల్లీ అని మొక్కుకుంటూ ప్లగ్గులకి నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి ఎండకి తిప్పాడు. లోపల వెంట్రుకంత పగులు, దాని వెంట పెన్సిలు గీతంత మసి. ఖాళీ బండిలో నిప్పురవ్వ దాని దారిన అది పోతుంది. బరువు పడితే ఆ మసిదారి పట్టి పక్కకి పారిపోతుంది.

ఇవాళ్టి మసి కాదది, నెల నాటిది. అంటే మంగళవారం కూడా ఉంది. తన అబద్ధం నిజమే! నవ్వొచ్చినంత పనైంది అతనికి. కానీ మంగళవారం ఒక్కసారి బానెట్ ఎత్తి ఉంటే పది నిమిషాల పని. ఇప్పుడూ అంతే పట్టింది, కత్తిమొనతో మసి గీకి తుడిచి బిగించడానికి. ఇక తాళం తిప్పితే చాలు, ఎవరికీ ఏమీ తెలియదు.

అప్పుడే వెనక ఏడుపు వినిపించింది. పిన్ని కొడుకు రుసియాతె, నిన్ననే రాజధాని సువా నుంచి దిగినవాడు, పేటిక ముందు మోకాళ్ల మీద పడ్డాడు.

"అమ్మా, నాలుగేళ్లు నీ మొహం చూడ్డానికి రాలేదు. నా మీద కోపంతోనే ఆగావు. మన్నించి కదులమ్మా."

అందరూ తలలూపారు. కొందరు కళ్లొత్తుకున్నారు. "ఇప్పుడు తియ్యరా బండి, ఎక్కించేద్దాం" అన్నాడు సెవనాయ.

ఈసారి బరువుతోనూ కదులుతుంది. కదిలిందంటే, తల్లి ఉసురు పోసుకున్నవాడు రుసియాతే అని ఊరు బతికినన్నాళ్లూ చెప్పుకుంటుంది. అతనూ నమ్ముతాడు. అపిసాయి తాళం తిప్పబోయి తిప్పలేక కిందికి దిగాడు.

"అన్నా, లే. నీ వల్ల కాదు. మూతలో పగులుంది, బాగుచేశాను." అక్కడితో ఆపొచ్చు. పేటిక వైపు చూశాక ఆపలేకపోయాడు. మంగళవారం సంగతి చెప్పాడు. రగ్బీ సంగతి కూడా చెప్పాడు.

రుసియాతె లేచి మోకాళ్ల మట్టి దులుపుకున్నాడు. అపిసాయి మొహం చూడకుండానే పేటిక కిందికి భుజం పెట్టాడు. మిగతా ఏడుగురూ పెట్టారు.

"అమ్మని మేం మోసుకుంటాం. నువ్వు బండి తెచ్చుకో" అన్నాడు.

పాట మళ్లీ మొదలైంది. అపిసాయి వాళ్ల వెనకే మొదటి గేరులో పోనిచ్చాడు. ఖాళీ బండి సమాధుల గట్టు దాకా ఒక్కసారి కూడా దగ్గలేదు.