ఖాళీ మంచాల దుప్పట్లు

గుండిగలో సోడా నీళ్ళు కుతకుత ఉడుకుతున్నాయి. పెద్దకోడలు కర్రతో దుప్పట్లను అదిమి తిప్పుతోంది. తిప్పినప్పుడల్లా పొత్తికడుపులో ఎవరో మెలిపెట్టినట్టవుతోంది. లోపల కట్టుకున్న గుడ్డ మళ్ళీ తడిసిపోయింది. వెళ్ళి మార్చుకుందామంటే ఈలోగా దుప్పట్ల మీది నెత్తుటి మరకలు గట్టిపడి కూర్చుంటాయి. ఆసుపత్రి దుప్పట్లు అవి. ఆ పెరట్లో ఉతికి, ఆరేసి, మడతలు పెట్టి పంపితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది.

పక్క గదిలో చిన్నకోడలు మంచం మీద ఉంది. ఆపరేషన్ అయి ఇంటికొచ్చి నెల తిరగలేదు. అత్త ఆమెకు పాలు కలుపుతుంటే చెంచా గ్లాసుకు తగిలిన చప్పుడు పెరట్లోకి వినిపించింది. పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది. కాపురానికి వచ్చిన నాటినుంచి తన పాలల్లో చెంచా తిప్పినవాళ్ళు ఆ ఇంట్లో ఒక్కరూ లేరు.

తోడికోడళ్ళిద్దరిదీ ఒకటే జబ్బు. గర్భసంచిలో గడ్డలు, ఆగని రక్తం. ప్రభుత్వం ఇచ్చిన ఆరోగ్య కార్డు మీద ఇద్దరికీ ఆపరేషన్‌కు అనుమతి వచ్చింది. ముందు తేదీ పెద్దకోడలిది. అప్పుడు చూస్తే ఉతకాల్సిన మూటలు పెరటినిండా పేరుకుపోయి ఉన్నాయి. అత్త ఆమెను పక్కన కూచోబెట్టుకుని, మరకలు వదిలించడం చిన్నదానికి చేతకాదనీ, నువ్వు లేకపోతే ఈ పెరడు ఆగిపోతుందనీ, దాన్ని ముందు పోనిచ్చి నువ్వు తర్వాత పోదువుగానిలే అనీ బుజ్జగించింది. పెద్దకోడలు ములగచెట్టెక్కింది. తానే ఆసుపత్రికి వెళ్ళి, తన తేదీని తోడికోడలికి రాయించి వచ్చింది. ఇంత తెలివితక్కువ పని ఇంకొకరు చేసి ఉంటే నవ్వి ఉండేది.

తర్వాత తన వంతు వచ్చింది. సంచీలో బట్టలు సర్దుకుని వెళ్తే, కార్డుల కౌంటరులో ఉన్న అమ్మాయి అద్దానికి అంటించిన కాగితం చూపించింది. ఆసుపత్రులకు రావలసిన డబ్బు ప్రభుత్వం చాలాకాలంగా ఇవ్వలేదట. గుండెజబ్బులు, ప్రమాదాలు తప్ప కార్డు మీద ఇంకేవీ చూడరట. రక్తం పోతోందని చెప్పుకుంటే, మీది ఆగగలిగిన జబ్బేనమ్మా అంది ఆ అమ్మాయి. ఎంతకాలం ఆగాలంటే, నిధులు వచ్చేదాకా అంది. సొంత డబ్బుతో చేయించుకోవాలంటే ఇంటిల్లిపాది ఏడాది రెక్కల కష్టమూ చాలదు.

ఆ రోజునుంచి పెద్దకోడలికి అందరి మీదా ఈర్ష్యే. గుండె జబ్బు వచ్చినవాళ్ళను చూసినా ఈర్ష్యే. అదృష్టవంతులు, చావుకు దగ్గరగా ఉన్నారు కాబట్టి తలుపులు తెరుచుకున్నాయి. ఇక తోడికోడలిని చూస్తే కళ్ళలో నిప్పులు పోసుకున్నట్టుండేది. అది ఆవులించినా, ఒత్తిగిలినా, ఆకలేస్తోందన్నా ఆమెకు కడుపు మండేది. ఇది తప్పని ఆమెకు తెలుసు. తెలిసినా మంట తగ్గలేదు.

పొడి గుడ్డ కోసం గదిలోకి వెళ్తే చిన్నకోడలు లేచి కూర్చుంది. కూర్చుని చేసేదే కదా, మడతలైనా పెడతానంది.

"అక్కర్లేదు. ఆ కుట్లు నావి. జాగ్రత్తగా చూసుకో" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు దుప్పటి అంచు వేళ్ళతో నలిపింది.

"తెలుసక్కా. ఆ రోజు నేనే వద్దనాల్సింది. నువ్వు ముందెళ్తే నా వంతు రాదేమోనని భయమేసింది. అందుకే నోరు మూసుకున్నా."

పెద్దకోడలు ఇది ఊహించలేదు. అది అబద్ధమాడి ఉంటే నాలుగు తిట్టి కసి తీర్చుకునేది. ఇప్పుడు ఆ వీలూ లేకపోయింది. గుడ్డ తీసుకుని బయటికి వచ్చేసింది.

పొద్దు వాలుతుండగా ఆసుపత్రి వ్యాను వచ్చింది. ఈసారి సూపర్‌వైజర్ స్వయంగా దిగి, రేపు పైనుంచి అధికారులు తనిఖీకి వస్తున్నారనీ, ఈ మూట తెల్లవారేసరికి తళతళలాడుతూ రావాలనీ అత్తతో చెప్పాడు. పెద్దకోడలు మూట విప్పింది. ఒక దుప్పటి తీసి చూసింది, ఇంకొకటి చూసింది. దేనిమీదా మరక లేదు. దుమ్ము మాత్రం ఉంది.

ఇవి ఎక్కడివని అడిగింది.

"ఆడవాళ్ళ వార్డువి. ఆపరేషన్లు ఆగిపోయాక అందులో ఎవరున్నారు? మంచాలన్నిటి మీదా తెల్లగా పరిస్తే చూడ్డానికి నిండుగా ఉంటుంది" అన్నాడతను, మామూలుగా.

పెద్దకోడలు చేతిలోని దుప్పటిని తిరిగి మూటలో పెట్టింది. ఇన్నాళ్ళూ తన మంచాన్ని తోడికోడలు ఎత్తుకుపోయిందనుకుంటోంది. ఆ మంచం ఎక్కడికీ పోలేదు. వరసలో మిగతావాటితో పాటు ఖాళీగా ఉంది. దాని మీది దుప్పటి కూడా ఈ మూటలోనే ఎక్కడో ఉండి ఉంటుంది. దాన్ని ఉడకబెట్టి, గంజిపెట్టి తన చేత్తోనే పంపాలి.

మూట మళ్ళీ కట్టేసింది.

"ఇవి నేను ఉతకను."

రేటు పెంచమని కాబోలనుకుని అతను నవ్వాడు.

"రేటు గురించి కాదు. దుమ్ముతోనే పరవండి. అక్కడ ఎవరూ పడుకోవడం లేదని వచ్చేవాళ్ళకి తెలియాలి."

అత్త గాభరాపడింది. నీ చేతి తెలుపు ఇంకెవరికి వస్తుందే అని మొదలుపెట్టింది. ఈసారి ఆ మాట కోడలికి ఎక్కలేదు. వేరేవాళ్ళకిచ్చుకుంటాం, రేపటినుంచి ఒక్క మూట కూడా ఈ గుమ్మం తొక్కదన్నాడు సూపర్‌వైజర్. ఆడదాని పొగరుకు ఇల్లంతా పస్తులుండాలా అంటూ అత్త గొంతు పెంచింది. చివరికి చిన్నదాన్ని లేపి ఉతికిస్తానంటూ గది వైపు తిరిగింది.

చిన్నకోడలు అప్పటికే గుమ్మంలో ఉంది.

"నేనూ ఉతకనత్తయ్యా."

పెద్దకోడలు ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. చిన్నకోడలు గోడ పట్టుకోకుండా నిటారుగా నిలబడి ఉంది. మొహంలో నెత్తురు తిరిగింది. ఆ నిలబడటం చూసి పెద్దకోడలికి ఆ క్షణంలో కూడా ఈర్ష్య పుట్టింది, ఎప్పటికంటే ఎక్కువగా.

వ్యాను ఇంజను ఆగకుండా మోగుతోంది. మూట అందరి మధ్యా నేలమీద ఉంది. పెద్దకోడలు తను కూర్చునే పీటను కాలితో తోడికోడలి వైపు జరిపింది.

"కూర్చో. కుట్లు లాగుతాయి" అంది.