గ్యాంగ్‌వే అతుకు

తీగ మళ్ళీ ఇరుక్కుపోయింది. యర్రయ్య ముఖానికున్న అద్దం పైకెత్తి వెల్డింగు మెషీను మూత తెరిచాడు. రోలర్ల దగ్గర సన్నని తీగ చిక్కుపడిన జుట్టులా ముద్దకట్టి ఉంది. పొద్దుటి నుంచీ ఇదే వరస. మంట కాసేపు కుదురుగా వెలిగి, అంతలోనే టపటపలాడి ఆరిపోతోంది.

రేవు పక్కనున్న ఆ షెడ్డులోనే అతని వయసంతా గడిచింది. ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. ఎదురుగా జనం ఓడెక్కే ఇనప వంతెన, గ్యాంగ్‌వే, కీలు దగ్గర పగిలి, రెండు బల్లల మీద పడుకుని ఉంది. అది అతికితేనే సాయంత్రం విశాఖ వెళ్ళే ఓడ జనాన్ని ఎక్కించుకుంటుంది. ఆ జనంలో అతని అప్ప కాళమ్మ కూడా ఉంది.

తల్లి పోయాక అతన్ని పెంచింది ఆమే. పెళ్ళయి భర్త రమణయ్యతో ఈ దీవులకొస్తూ తమ్ముణ్ణీ వెంట తెచ్చుకుంది. కార్ నికోబార్‌లో పనికెళ్ళిన రమణయ్యను సునామీ పట్టుకుపోయింది. శవం కూడా దొరకలేదు. అప్పట్నుంచీ ఆమె ఈ రేవు దగ్గరి జంగ్లీఘాట్ పేటలో, పెళ్ళి చేసుకోని ఈ తమ్ముడి దగ్గరే ఉంది. ఇప్పుడు సాలూరులోని కూతురి దగ్గరికి పోతోంది. అక్కడ కొండలే తప్ప సముద్రం ఉండదు.

షెడ్డు నీడలో ట్రంకుపెట్టె మీద కూర్చున్న కాళమ్మ నవ్వింది. "ఒరే, నీ మిసను కూడా నన్నెల్లొద్దంతందేట్రా?"

"మిసనుకేటి తెలుస్తాదప్పా."

సూపర్‌వైజరు దేవేంద్ర వచ్చి తొంగిచూశాడు. "యర్రయ్య భయ్యా, అవ్వకపోతే బోల్ దో. షిప్ కల్ జాయేగా, రేపెళ్తుంది. టెన్షన్ వద్దు."

రేపు. యర్రయ్య నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. ఒక్క పూట ఆగితే అప్ప మనసు మారుతుందేమో. అతను ఆమె వైపు చూశాడు. ఓడ కూత వినపడగానే ఆమె చేతులు కొంగును గట్టిగా పట్టుకున్నాయి. సునామీ తర్వాత ఈ నాలుగేళ్ళుగా కెరటం కొంచెం గట్టిగా కొట్టినా ఆ చేతులు అలాగే బిగుసుకుంటున్నాయి.

"అవుద్ది సార్," అన్నాడు.

వెల్డింగు గన్ను మూతికుండే టిప్పు మార్చాడు. ఎర్తు బిగించేచోట తుప్పు గీకాడు. మంటను కాపాడే గ్యాసును గాలి చెదరగొట్టకుండా టార్పాలిన్ కట్టాడు. అయినా తీగ వెక్కిళ్ళు పెడుతూనే ఉంది. రోలరు ఇంకా బిగిద్దామని చెయ్యి వెళ్ళింది కానీ ఆపుకున్నాడు. బలవంతంగా తోస్తే మళ్ళీ ముద్దకడుతుంది. తీగంతా వెనక్కి లాగి, గన్ను కేబులును తిన్నగా పరిచి, దాని లోపలి గొట్టంలోకి గాలి కొట్టాడు. ఎర్రటి పొడి గుప్పున రాలింది. ఉప్పుగాలికి తీగ పట్టిన తుప్పంతా అక్కడ చేరింది. తుప్పు చుట్టలు కత్తిరించి పారేసి, మంచి తీగ ఎక్కించాడు.

ఈసారి మంట నూనెలో గారెలు వేగుతున్నట్టు ఒకే చప్పుడుతో నడిచింది. పగులు అడుగుదాకా కరిగించి, తొందరపడకుండా అతికాడు.

సాయంత్రం కాళమ్మ ఆ అతుకు మీదుగానే ఓడెక్కింది. పైకెళ్ళాక వెనక్కి తిరిగి, "ఏళకి తినరా," అని కేకేసింది. అతను తలూపాడు. గ్యాంగ్‌వే కదల్లేదు.

ఇంటికొచ్చి లైటు వేశాడు. అతని చాప మీద, ఇన్నాళ్ళూ ఆమె ఎవరినీ తాకనివ్వని రమణయ్య గళ్ళలుంగీ, ఉతికి మడతపెట్టి ఉంది.