రెండో కంట్రోలర్‌లో మైకు

'నక్క గని' వీడియో గేమ్ అసలు క్యాసెట్టు ఒసాకాలో నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదని నా గొప్ప. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అట్టపెట్టెతో సహా అది నా అద్దాల బీరువాలో ఉంటుంది. దుమ్ము దులపడానికి కూడా నా భార్య చిగుసాని దాని మీద చెయ్యి వెయ్యనివ్వను.

అలాంటిది, ఈ చలికాలం దాన్ని మరికొన్ని పాత ఆటలతో కలిపి కొత్తగా అమ్మకానికి పెట్టారు. ఇక దారినపోయే ప్రతివాడూ ఆడొచ్చు. చస్తే ఆటను వెనక్కి తిప్పుకుని మళ్లీ బతకొచ్చు. నాకు ఒళ్లు మండింది. అయినా కొన్నాను. చిన్నప్పటి నుంచి ఆడుతున్నా, చివరి రాతి తలుపు నాకు ఒక్కసారీ తెరుచుకోలేదు. దాని అవతల ఏముందో ఎవడో కుర్రకుంక నాకంటే ముందు చూస్తాడేమోనని నా భయం.

ఆదివారం మధ్యాహ్నం, కింద హీటరు ఉండే కొటాత్సు బల్ల దుప్పట్లో కాళ్లు దూర్చి ఆడుతూ కూర్చున్నాను. తెర మీద నా నక్క ఆ రాతి తలుపు దగ్గర ఆగిపోయింది. తన్నాను, బాంబు పెట్టాను, వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. పక్కన కమలాపండు ఒలుచుకుంటున్న చిగుసా కాసేపు చూసి, "దానికి అరవాలండీ" అంది.

ఆటలంటే మొహం తిప్పుకునే మనిషి! ఎవరు చెప్పారని అడిగాను. పాత యంత్రంలో రెండో కంట్రోలర్‌కి మైకు ఉండేదట, అందులో గట్టిగా అరిస్తే తలుపు తెరుచుకునేదట. ఆ సంగతి నాకూ తెలుసు, మైకు ఉండేదని. ఒంటరిగా ఆడేవాణ్ణి, రెండోది నాకెందుకు?

ఆరో తరగతిలో చిగుసా బడి అయ్యాక రోజూ తత్సుమి అనే కుర్రాడి ఇంటికి వెళ్లేదట. మొదటి కంట్రోలర్ ఎప్పుడూ వాడిదే. ఈవిడ పని అరవడం.

"ఏమని అరిచేదానివి?"

"వాడి పేరే. తత్సుమీ, త్వరగా అని." చెబుతూ నవ్వింది. ఆ నవ్వు ఈ ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు.

వాడిప్పుడు ఎక్కడున్నాడని అడిగాను. వాళ్ల నాన్నకి బదిలీ అయి సెందాయ్ వెళ్లిపోయారట, ఆ తర్వాత తెలియదట.

"ఏమిటండీ, పన్నెండేళ్ల పిల్లాడి మీద కుళ్లా?"

కాదన్నాను. కుళ్లే.

కొత్త ఆటలో మైకుకి బదులు ఒక బటన్ ఉండే ఉంటుందంటూ ఆవిడ చెయ్యి చాపింది. టక్కున ఆట ఆపేశాను. బీరువా తెరిచి క్యాసెట్టు తీశాను. అటక మీది పాత యంత్రాన్నీ, పాత టీవీనీ దింపి తగిలించాను. రెండో కంట్రోలర్ ఆవిడ చేతిలో పెట్టాను.

"నన్ను ముట్టుకోనిస్తారా?" అంది వింతగా.

"ముట్టుకో. కానీ నా పేరు పెట్టి అరవాలి. యాసుహిసా అని."

"సరేలెండి."

ఇందులో వెనక్కి తిప్పుకోవడాలు లేవు. చచ్చీ చెడీ సాయంత్రానికి తలుపు దాకా వచ్చాను. మిగిలింది ఒక్క ప్రాణం. వెనక గబ్బిలాలు. చిగుసా మోకాళ్ల మీద లేచింది, కళ్లు తెర మీదే ఉన్నాయి. "ఊఁ, ఇప్పుడు" అన్నాను.

ఆవిడ మైకు నోటి దగ్గర పెట్టుకుని గొంతెత్తి అరిచింది. "తత్సుమీ, త్వరగా!"

తలుపు తెరుచుకుంది. లోపల ఒక నక్కపిల్ల నిద్రపోతోంది. కింద 'మీ ఇద్దరికీ కృతజ్ఞతలు' అని ఒక్క వాక్యం ఉంది.

తనేమని అరిచిందో ఆవిడకు తెలియనే లేదు. నా భుజం చరిచి, "చూశారా" అంది సంబరంగా.

నేను యంత్రం ఆపి మళ్లీ పెట్టాను. "పట్టుకో. మొదటి నుంచి ఆడదాం."

"మళ్లీ ఎందుకండీ? తెరుచుకుందిగా."

"నాకు తెరుచుకోలేదు" అన్నాను.