మంచిగ రాయి

మోకాలు వంగనని మొరాయించిన చోట స్వరూప రెండు బొటనవేళ్లు ఆనించి, తన ఒంటి బరువును మెల్లగా ముందుకు వేసింది. కిష్టవ్వ పళ్లు బిగపట్టింది. కొలిచే ప్లాస్టిక్ స్కేలు పెట్టి చూస్తే తొంభై డిగ్రీలు దాటలేదు. మొన్న కూడా అంతే. చెప్పినవన్నీ రోజుకు మూడు పూటలా చేస్తున్నానని ముసలామె అంది. స్వరూప తల ఊపి, కాలికి కట్టుకొని ఎత్తమని ఇచ్చిన ఇసుక సంచి కోసం మంచం కిందికి చూసింది. దాని మీద సాలీడు గూడు అల్లుకొని ఉంది. స్వరూప దాన్ని దులిపి మంచం పక్కన పెట్టింది. చేతులు కడుక్కొని బయటికి వచ్చి, గుమ్మం ముందున్న కిష్టవ్వ చెప్పులు తిరగేసి చూసి, మళ్లీ ఉన్నట్టే పెట్టి స్కూటీ ఎక్కింది.

చెప్పులు చూడటం ఇరవై ఏళ్ల అలవాటు. కాలు నేల మీద ఎలా పడుతున్నదో మనిషి నోటితో చెప్పేది ఆమె నమ్మదు. మంచిర్యాల చుట్టుపక్కల కంపెనీ క్వార్టర్లలో ఇంటింటికీ తిరిగి కాళ్లూ చేతులూ కదిలించే ఫిజియోథెరపిస్టుకు ఆ అపనమ్మకం లేకపోతే పని జరగదు.

ఎందుకంటే ఇక్కడ ‘అన్‌ఫిట్’ అనే మాటకు వేరే అర్థం ఉంది. ఇంకా సర్వీసు ఉన్న గని కార్మికుణ్ని పనికి పనికిరాడని కంపెనీ మెడికల్ బోర్డు తేలిస్తే, ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. అందుకే బోర్డుకు పోయేవాళ్లు ఆమె దగ్గరికి వచ్చి, ‘మంచిగ రాయి మేడం’ అంటారు. మంచిగ రాయడం అంటే బాగాలేదని రాయడం. వచ్చిన కొత్తలో ఆమెకు అది తెలియదు. నడుము నొప్పితో వచ్చిన ఒకతనికి బాగా నయమైందని సంతోషంగా రాసిచ్చింది. మర్నాడు అతని భార్య వచ్చి మెట్ల మీద కూర్చొని శాపనార్థాలు పెట్టింది. ఇంకొకతను సోమవారం ఎడమ కాలు కుంటుతూ వచ్చాడు, బుధవారం కుడి కాలు. ఇదేమిటని అడిగితే, ‘నొప్పి గీ దిక్కుకు మారింది మేడం’ అన్నాడు, కొంచెం కూడా తొణక్కుండా.

ఆమెకు నవ్వు రాలేదు. ఆమె బాపు రాజం కూడా అలాగే కుంటుతూ నడిచాడు. బోర్డు కోసం పదకొండు నెలలు, ఆ తర్వాత ఎవరైనా చూసి చెబుతారేమోనన్న భయంతో ఇంకో మూడేళ్లు. నటించీ నటించీ ఆ కాలు నిజంగానే సన్నబడి, చివరికి కర్ర లేకుండా వాకిలి దాటలేకపోయాడు. ఉద్యోగం స్వరూప తమ్ముడికి వచ్చింది. ఆ జీతంతోనే స్వరూప చదువుకుంది. బాపు కాలు ఎలా ఎండిపోయిందో ఆమెకు కాలేజీలో రెండో ఏడు పాఠం చెబుతుంటే అర్థమైంది. ఇంటికి వచ్చి అడగాలనుకుంది. పరీక్షలయ్యాక అడుగుదామనుకుంది. పరీక్షల మధ్యలోనే ఆయన పోయాడు.

పెళ్లయిన మూడో ఏడు ఆమె భర్త మస్కట్ పోతూ గుమ్మంలో నిలబడి ‘వస్త’ అన్నాడు. కొన్నాళ్లు ఫోన్లు వచ్చాయి. ఇప్పుడు ఎవరైనా గుమ్మంలో ఆ మాట అంటే స్వరూప వాళ్ల ముఖం వైపు చూడదు.

పదకొండు గంటలకు పర్శరాములు క్వార్టరు ముందు స్కూటీ ఆపింది. ఆయనకు యాభై ఆరేళ్లు. భూగర్భంలో ముప్పై ఏళ్లు పనిచేశాడు. అయిదు నెలల కింద పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, మాట పడిపోయాయి. మాట రెండు మూడు ముక్కలు తిరిగి వచ్చింది. కాలు రాలేదని ఇంట్లోవాళ్లు అంటారు.

గుమ్మం పక్కన ఆయన చెప్పులు ఉన్నాయి. కుడి చెప్పు కాలి నుంచి జారిపోతుంటే రెండు నెలల కింద స్వరూపే ఐలవ్వ పాత చీర అంచు చింపి, మడమ వెనకగా పట్టీ కట్టింది. ఆమె దాన్ని తిరగేసింది. బొటనవేలి కింద అట్ట అరిగి, లోపలి తెల్ల పొర కనబడుతోంది. గీతల్లో ఎర్ర మొరం రాళ్లు ఇరుక్కొని ఉన్నాయి. ఇంట్లో నుంచి బాత్‌రూమ్ దాకా ఉన్నది నున్నటి గచ్చు. మొరం ఉన్నది రైల్వే గేటుకు పోయే బాట మీద.

స్వరూప చెప్పును ఉన్నచోటే పెట్టింది. ఈయన కూడానా అనుకుంది.

లోపల పర్శరాములు మంచం మీద పడుకొని ఉన్నాడు. ఆయన భార్య ఐలవ్వ తలగడ సర్దుతోంది. కొడుకు రాకేశ్, ఇంజనీరింగ్ చదివి ఖాళీగా ఉన్నవాడు, తలుపు దగ్గర ఫోన్ చూస్తూ నిలబడ్డాడు. స్వరూప టేపుతో తొడ చుట్టుకొలత తీసింది. పోయిన నెల కంటే ఒక సెంటీమీటరు పెరిగింది. పడుకొని ఉన్న మనిషికి తొడ పెరగదు. ఆమె పుస్తకంలో అంకె రాసుకుంది.

తర్వాత తన చెయ్యి ఆయన మంచి కాలి మడమ కింద పెట్టి, పడిపోయిన కాలు ఎత్తమంది. నిజంగా ఎత్తబోయే మనిషికి రెండో మడమ తెలియకుండానే పరుపును నొక్కుతుంది. ఆయన ముఖం చిట్లించాడు, మూలిగాడు. మడమ మాత్రం ఆమె అరచేతిలో దూదిలా ఉంది.

“లేస్తలేదు బిడ్డా,” అంది ఐలవ్వ. “బేస్తారం బోర్డు ఉన్నది. పోరడు అయిదేండ్ల సంది గిట్లనే తిరుగుతుండు. ఇగ నీ చేతులనే ఉన్నది.”

చాయ్ పెడతానని ఆమె వంటింట్లోకి పోయింది. ఫోన్ మోగితే రాకేశ్ బయటికి నడిచాడు. ఆ గదిలో ఇద్దరే మిగిలారు.

పర్శరాములు వంటింటి వైపు ఒకసారి చూశాడు. ఎడమ చేతి వేలు పెదాల మీద పెట్టాడు. తర్వాత కుడి కాలు పరుపు మీద నుంచి లేచింది. వణుకుతూ, జానెడు ఎత్తు, మూరెడు ఎత్తు. అక్కడే నిలిచింది. ఆయన కళ్లు ఆమె ముఖం మీదే ఉన్నాయి. కాలు దించి, ఒక్కొక్క అక్షరాన్నీ గొంతులోంచి తవ్వి తీస్తున్నట్టు అన్నాడు.

“మంచి... గ... రాయి.”

స్వరూప టేపు చుట్టేసింది. ఇంత బాహాటంగా ఎవరూ అడగలేదు. దొంగతనం చూపించి మరీ దాచిపెట్టమన్నట్టు ఉంది. ఆమెకు కోపం వచ్చింది.

“మా బాపు గిట్లనే కూసున్నడు కాకా,” అంది గొంతు తగ్గించి. “చాతకాదని కూసుంటే కాలు నిజంగనే పోతది.”

ఆయన తల అడ్డంగా ఊపాడు. “మంచిగ,” అన్నాడు మళ్లీ. “మంచిగ.”

వంటింట్లో గిన్నెల చప్పుడయింది. ఆయన కాలు మళ్లీ చచ్చినట్టు కదలకుండా ఉండిపోయింది.

చాయ్ తాగుతూ స్వరూప బోర్డుకు ఇవ్వాల్సిన కాగితం ఒళ్లో పెట్టుకుంది. ఇరవై ఏళ్లలో తప్పుడు వాక్యం ఒక్కటి రాయలేదు. అయితే అలాంటి వాక్యం రాసినవాళ్లు ఎవరో ఉన్నారు కదా, బాపు కోసం. ఆ అన్నమే తాను తిన్నది. గుమ్మంలో రాకేశ్ నీడ కదిలింది. ఐలవ్వ కొంగు పట్టుకొని ఎదురుగా నిలబడి ఉంది. స్వరూప పెన్ను తీసి రాసింది. రాసినదాన్ని పైకి చదివింది, అందరికీ ధైర్యంగా ఉంటుందని.

“కుడి కాలిలో బలం లేదు. సాయం లేకుండా నిలబడలేడు.”

పర్శరాములు ఎడమ చేతితో మంచం కోడును కొట్టాడు. మళ్లీ కొట్టాడు. గొంతులోంచి శబ్దం వచ్చింది గాని మాట కాలేదు. కళ్ల వెంట నీళ్లు కారాయి. ఐలవ్వ భయపడితే, పక్షవాతం వచ్చినవాళ్లకు కారణం లేకుండా ఏడుపు, నవ్వు వస్తాయని, పరేషాన్ కావద్దని స్వరూప చెప్పింది. అది పుస్తకంలో ఉన్న మాటే. క్లినిక్‌లో ముద్ర వేసి ఉంచుతాను, సాయంత్రం ఆరింటికి వచ్చి తీసుకుపొమ్మని రాకేశ్‌తో అంది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటుంటే ఆయన చెయ్యి సంచి పట్టీని పట్టుకుంది. ఆమె ఆ వేళ్లను ఒక్కొక్కటిగా, రోజూ చేసినట్టే, నెమ్మదిగా విడదీసింది.

పక్కింట్లో ఒకామె భుజం చూసుకొని బయల్దేరేసరికి పావుగంట పట్టింది. రైల్వే గేటు పడి ఉంది. బొగ్గు వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఆ మోతలో వెనక నుంచి ఎవరో అరిచినట్టు అనిపించింది. ఆమె తల తిప్పలేదు. రోడ్డు మీద ఆపి, నడుము నొప్పికి ఏదన్నా చెప్పమనేవాళ్లు రోజుకు ఇద్దరైనా ఉంటారు. స్కూటీ అద్దం మీద బొగ్గు దుమ్ము పేరుకొని ఉంది. అందులో దూరంగా, లుంగీ కట్టుకున్న మనిషి ఒకడు కుడి కాలు ఈడుస్తూ వస్తున్నాడు. బోర్డు దగ్గరపడితే రోడ్ల మీద కూడా మొదలుపెడతారు అనుకుంది. గేటు లేచింది. ఆమె వెళ్లిపోయింది.

స్టేషను దగ్గర రెండు గదుల క్లినిక్‌లో మధ్యాహ్నం ఎప్పటిలాగే గడిచింది. ఒక మెడ, రెండు నడుములు, సిమెంటు కట్టు విప్పిన మణికట్టు. కాగితం మీద ముద్ర వేసి, బల్ల మీద నూనె సీసా కింద పెట్టింది. ఆరు దాటినా రాకేశ్ రాలేదు. ఇంకా గట్టిగా రాసేవాళ్లు ఎవరో దొరికి ఉంటారు అనుకుంది.

ఆరుంపావుకు అంతయ్య వచ్చాడు. రిటైరైన కార్మికుడు, పర్శరాములు ఉండే క్వార్టర్ల వరుసలోనే ఉంటాడు. భుజం పట్టేస్తే నెల రోజులుగా వస్తున్నాడు. రాగానే గోడకు గీసిన పెన్సిలు గీతల మీద వేళ్లను పైకి పాకించాలి. ఈ రోజు ఆయన గోడ దగ్గరికి పోలేదు. చేతిలో ఉన్న ప్లాస్టిక్ కవరుతోనే బెంచి మీద కూర్చున్నాడు.

“మా పర్శరాములు పోయిండు మేడం.”

“యాడికి పోయిండు?” అంది స్వరూప వెంటనే. పగలు కూడా తిరగడం మొదలుపెట్టాడన్నమాట అనుకుంది.

అంతయ్య అరచేతితో కళ్లు తుడుచుకున్నాడు. ఆమె చేతిలోని తువ్వాలును బల్ల మీద పెట్టింది.

ఆయన కొంచెం కొంచెంగా చెప్పాడు. ఐలవ్వ బట్టలు పిండటానికి వెనక్కి పోయిందట. కొడుకు ఫోన్‌లో ఉన్నాడట. ఎట్లా లేచాడో, ఎప్పుడు వాకిలి దాటాడో ఎవరూ చూడలేదు. గేటు దగ్గర పడిపోయి కనిపించాడు. దవాఖానకు తీసుకుపోయేసరికే అయిపోయింది.

“రోజు పొద్దుగాల నా తోని నడుస్తుండె,” అన్నాడు అంతయ్య. “ఇంటోళ్లు లేవకముందే మళ్ల పోయి మంచంల పండుతుండె. నేను డ్యూటీకి పోత, పోరన్ని మాత్రం గనిల కిందికి దిగనియ్య అన్నడు. మాట రాదుగదా, సైగలతోని చెప్పిండు. ఆయన తమ్ముడు పైకప్పు కూలి పోయిండు గదా, పక్కనే ఉండంగ. ఇంటోళ్లకు చెప్తె నడువనియ్యరు. మేడం చూస్తది, మేడం రాస్తది అన్నడు.”

స్వరూప నూనె సీసా కింద ఉన్న కాగితం వైపు చూసింది.

“ఇగ సర్వీసుల ఉండంగ పోయిండు,” అన్నాడు అంతయ్య. “పోరనికి నౌకరి వస్తది. బోర్డు గూడ అక్కెరలేదు.”

ఆయన లేచాడు. భుజం సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. గుమ్మం దాకా పోయి, చేతిలో కవరు ఉన్నట్టు అప్పుడే తెలిసినట్టుగా వెనక్కి వచ్చి, దాన్ని బల్ల మీద పెట్టాడు. గేటు కాడ దొరికింది, ఇంటికి తీసుకుపోదామంటే వాళ్ల ముందుకు పోబుద్ధి కాలేదన్నాడు. వస్తనని అనకుండానే పోయాడు.

స్వరూప కాసేపటికి కవరు విప్పింది. బల్ల మీద, ముద్ర వేసిన కాగితం పక్కన, కుడి కాలి చెప్పు. బొటనవేలి కింద అట్ట ఇప్పుడు పూర్తిగా చిల్లిపడి ఉంది, వెనక తను కట్టిన చీర అంచు ముడి మాత్రం కట్టినది కట్టినట్టే ఉంది.