గొడుగులు సర్దే మనిషి

దారాన్ని మైనం ముద్దమీద మూడోసారి లాగి సూదికి ఎక్కించాడు పుర్రచెయ్యి. ఆ బైండింగ్ షాపులో ఆయన అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. ఎడమచేత్తో కుట్టేది ఆయనొక్కడే. వంగిన వీపు, జిగురు ఎండి పగిలిన వేళ్లు. నోట్లో నాలుక లేని మనిషి, పాపం, బల్లిని చూసినా పక్కకి తప్పుకునే రకం.

ఇవాళ కుడుతున్నది భార్య అన్నగారి బైబిలు. నిన్న ఆయనే తెచ్చి, "బావా, ఆదివారానికి కావాలి. నువ్వే కుట్టాలి" అని పెట్టి వెళ్లాడు.

ఇరవై రెండేళ్ల కిందట ఈ బల్ల దగ్గరే బావలిద్దరూ పక్కపక్కన కుట్టేవాళ్లు. ఒకసారి రెండువందల పుస్తకాల్లో పదహారు పేజీల ఫారం ఒకటి తలకిందులుగా పడిపోయింది. "ఎవడ్రా కుట్టింది?" అని ఓనరు అరిచేసరికి పుర్రచెయ్యి గుండె జారిపోయింది. బావవైపు వేలు చూపించాడు. బావ నోరు తెరవలేదు. ఆ సాయంత్రమే ఆయన పని పోయింది. తర్వాత గోడౌన్‌లో మూటలు మోశాడు.

అప్పట్నుంచి చర్చిలో పుర్రచేతిది చివరి బెంచీ. పాస్టరుగారు పాపం అన్న మాట ఎత్తితే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు. రొట్టె, ద్రాక్షారసం పంచే వేళకు, తప్పు దాచుకున్నవాడు వాటిని ముట్టకూడదని, వరండాలోకి వెళ్లి గొడుగులు సర్దేవాడు. మండువేసవిలో కూడా! నిజం చెబితే బావ మళ్లీ గడప తొక్కడనీ, భార్య మొహం చూడదనీ భయం.

సాయంత్రం బావ వచ్చాడు. పుర్రచెయ్యి పుస్తకం అందించాడు గానీ పట్టు వదల్లేదు.

"బావా, ఆ తలకిందుల ఫారం... కుట్టింది నేనే. భయమేసింది." ఏడ్చేశాడు.

బావ పుస్తకం తీసుకుని, నడిమి పేజీ తెరిచి, దారం మీద వేలు పెట్టాడు.

"నాకు తెలీదనుకున్నావా? అందరి ముడీ కుడివైపు తిరుగుతుంది, నీదొక్కటే ఎడమవైపు. ఆ రోజే చూశా."

"మరి ఓనరుకి చెప్పలేదే?"

"చెబితే నా చెల్లెలి ఇంట్లో పొయ్యి వెలిగేదా? కోపం లేదనుకోకు. రెండేళ్లు నిన్ను చూస్తే ఒళ్లు మండేది. తర్వాత్తర్వాత చల్లారింది. నువ్వే చెబుతావని చూస్తూ కూర్చున్నా. ఇంత తాత్సారమా, మహానుభావా!" బావ కళ్లు తుడుచుకున్నాడు. "రేపు నా పక్కన కూర్చో. గొడుగుల సంగతి గొడుగులే చూసుకుంటాయి."

ఆదివారం మొదటి బెంచీలో ఆయన్ని చూసి భార్య విస్తుపోయింది. "ఏంటీ, ఇవాళ గొడుగులకు సెలవా?" అంది. ఇంటికెళ్లాక అంతా చెబుతానన్నాడు. ఇరవై రెండేళ్ల తర్వాత రొట్టెముక్క అరచేతిలో పడింది. తిన్నాడు.

ఇంటికొచ్చి భార్యకు అంతా చెప్పాడు. ఆమె లేచి కంచం పెట్టింది. "ముందు అన్నం తిను" అంది. కడుపునిండా తిని, కాస్త నడుం వాలుస్తానని పడుకున్నాడు. టీ కలిపి రెండుసార్లు పిలిచింది. లేవలేదు.

సమాధి రోజు చర్చిలో బావ వాక్యం చదవబోయాడు. చదవకుండానే కిందికి దిగాడు. బైబిలును మొదటి బెంచీమీద, మొన్న పుర్రచెయ్యి కూర్చున్న చోట, తెరిచే పెట్టి బయటికి వెళ్లాడు. నడిమి పేజీలో కొత్త తెల్లదారం ముడి ఎడమవైపు తిరిగి ఉంది.